ఎదురుండేవాళ్ళు చేతులెత్తండి

మైకు పట్టుకుంటే నాకు మైకం. ఈ మాట నాది కాదు, మా ఇంటామె నాగలతది. మాటల్తో ఆడుకునే జబ్బు నాకు ఉండాదని ఊరంతా అంటారు గానీ, అది ఇంట్లోవాళ్ళకు కూడా అంటుకుంటాదని ఎవరూ చెప్పలేదు.

నా పేరు వీరభద్ర. ఎర్రగుంట్ల నుంచి ఏడెనిమిది మైళ్ళు లోపలికి వస్తే మా వంకపల్లె. అక్కడ పెళ్ళయినా, చర్చిలో కూటమయినా, ఎవరిదన్నా బర్రె తప్పిపోయినా మైకులో వినపడే గొంతు నాదే. ఊరికి పడమటి పక్క వంక పారుతాది కాబట్టి వంకపల్లె అని మేమంటాం. ఏ పని చెప్పినా ఒక వంక చెబుతాం కాబట్టి వంకపల్లె అని పక్క ఊరోళ్ళంటారు. మా వంకలో నీళ్ళు ఏడాదికి ఇరవై దినాలుంటే ఎక్కువ. రెండో రకం వంకలకు మాత్రం ఇంతవరకు కరువు రాలేదు.

ఒక సంగతి ముందే చెప్పాల. మా పక్క వెదురును వెదురు అనేవాళ్ళు లేరు. ముందరుండే 'వ'ను మింగేసి ఎదురు అంటాం. ఎదురు బొంగు, ఎదురు గంప, ఎదురు చేట. ముందుగా వచ్చి నిలబడేదీ ఎదురే, తిరగబడేదీ ఎదురే, బస్సు కోసం చూసేదీ ఎదురే. ఇన్ని ఎదుర్లూ మా తాతల కాలం నుంచి ఒకదానికొకటి ఎదురుపడకుండా ఎవరి దావన అవి బతుకుతా వచ్చినాయి. వాటన్నిటినీ పట్టుకోనొచ్చి ఒకే వాక్యంలో ఎదురెదురుగా నిలబెట్టి తగువు పెట్టినోణ్ణి నేనే.

వంక గట్టు మీద రెండెకరాల ఎదురు ఉండాది. ఆరేండ్ల కింద ఉపాధి పనిలో గుంతలు తీసి నాటినారు. నాటించింది గవర్నమెంటు, బతికించింది రాహేలక్క. రాహేలమ్మ నాకంటే ఐదారేండ్లు పెద్దది. అంతకుముందు పన్నెండేండ్లు మా సర్పంచి కొడుకు భూపేష్ వాళ్ళ బండల ఫ్యాక్టరీలో కడప బండలకు నునుపు పట్టే పని చేసింది. బండలు నున్నగయినాయి, ఆమె ఊపిరి గరుకయింది. దగ్గు మొదలయిందంటే ఏ మాటా చివరిదాకా పొయ్యేది కాదు. "ఆ దుమ్ములో ఇంకో రెండేండ్లుంటే నీకు డాక్టరుతో పని ఉండదమ్మా" అని డాక్టరే చెప్పినాడంట. ఆమె పని మానేసి, ప్రొద్దుటూరులో ఒక మేదర ముసలమ్మ దగ్గర కూర్చోని, బొంగును బద్దలుగా చీల్చేది, చేట అల్లేది నేర్చుకోనొచ్చింది. తర్వాత ఊర్లో ఇంకో ముప్పైమందికి నేర్పించి, అందరినీ కలిపి సంఘం కట్టింది. అందులో మా నాగలత ఒకతె. చేటలు, గంపలు, మంత్రాలయంలో కొబ్బరికాయల అంగళ్ళకు చిన్న చిన్న బుట్టలు. నాలుగేండ్లలో మా ఊర్లో అల్లుళ్ళ కంటే అల్లేవాళ్ళు ఎక్కువైనారు.

గ్రామసభకు రెండు దినాల ముందు, మైకు కొమ్ము కట్టేదానికి ఒక గడ కావాలని గట్టు మీదకు పోయినా. రాహేలక్క పొదల్లో ఎండుటాకు ఊడుస్తా ఉండాది.

"అక్కా, ఈ గడ కొట్టుకుంటా. నిటారుగా ఉండాది."

"ముట్టుకున్యావంటే నీ చెయ్యి ఇరుస్తా. దాని ఒంటి మీద పొర కూడా ఊడలా. పోయినేడు పుట్టిన బిడ్డ అది."

"అయితే ఇది?"

ఆమె కత్తి వెనక పక్కతో ఆ బొంగును తట్టింది. టంగుమనింది. "ఇది ముదురే. మచ్చలు పడినాయి చూడు, నీ ముఖం మాదిరి. అయినా వానలు పొయ్యేదాకా దీన్నీ కొట్టేది లేదు. తల్లి పిలకలకు పాలిచ్చే కాలమిది. కిందకు చూసి నడువప్పా!"

చూస్తే నా చెప్పు పక్కనే, నేలను పొడుచుకోని, ఊదారంగు మొలకలు లేస్తాండాయి. వాటినే పిలకలంటారు.

"నా నెత్తిన ఉండే పిలకే ఊడిపోయిందక్కా. నీ పిలకలకు నేనేం కావలి కాస్తా?"

"నీ నెత్తిన ఏమీ మొలవలేదు కాబట్టే మైకు పట్టుకోని తిరుగుతాండావు. పో, ఇంటి ఎనక ఎండాకాలం కొట్టినవి ఉండాయి, ఒకటి తీసుకో. పని అయినాక తెచ్చియ్యి."

అదీ ఆమె పద్ధతి. మూడేండ్లు నిండనిదాన్ని కొట్టేది లేదు. పొదలో మూడు కొడితే ఏడు వదలాల. నేలకు దగ్గరుండే కణుపుకు ఆనుకోని కొయ్యాల. ఎత్తుకు కోస్తే మోడులో గిన్నెలో మాదిరి నీళ్ళు నిలిచి దుంప కుళ్ళుతాది. పోయినేడు తుఫానుకు వంక పొంగితే ఎగువ గట్టంతా కోసుకోని పోయింది. ఎదురు వేర్లు పట్టుకున్న చోట మాత్రం పిడికెడు మట్టి కదల్లేదు. ఆ చోటుకు దిగువనే మా సర్పంచి కృష్ణవేణమ్మ కంది చేను. చేను నిలిచింది. ఈ ముక్క అంత ముఖ్యమని నాకు అప్పుడు తోచలేదు. నాకు తోచేవన్నీ ముఖ్యం కాని ముక్కలే.

కృష్ణవేణమ్మ సర్పంచి అంటే సంతకం ఆమెది, సంగతులన్నీ కొడుకు భూపేష్‌వి. భూపేష్ చెడ్డోడేం కాదు. కాకపోతే బండల లారీలు ఊరు చుట్టి రాకుండా వంక గట్టు మీద నేరుగా దావ పడాలని ఆయనకు ఆశ. దావ పడాలంటే ఎదురు పోవాల. ఎదురు పోతే సంఘంలో ముప్పైయొక్కమందీ మళ్ళీ బండల దుమ్ములోకి పోవాల. ఆ గట్టు ఇంకో పదేండ్లు సంఘానికే వదలండని రాహేలక్క అర్జీ పెట్టింది. దావకు ఇయ్యండని భూపేష్ పెట్టినాడు. అక్టోబరు రెండున గ్రామసభలో తేలాల.

*

పంచాయితీ ఆఫీసు ముందర షామియానా. ముందర మగోళ్ళు, ఎనక ఆడోళ్ళు. ముందరొక కొమ్ము, ఎనకొక కొమ్ము. మైకు నాది, వైర్లు నావి, గర్వం కూడా నాదే.

సెక్రటరీ హనుమేష్ ఆదోని పక్కోడు. మా ఊరికొచ్చి మూడు నెలలు కాలేదు. కాగితం తీసి చదివినాడు: "వంక గట్టుపై గల వెదురు వనమును మహిళా సంఘమునకు పది సంవత్సరముల పాటు అప్పగించుటను వ్యతిరేకించు సభ్యులు హస్తములు పైకెత్తవలసినదిగా కోరడమైనది."

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఏమప్పా, పెండ్లి మంత్రం చదువుతాండావా? తెలుగులో చెప్పు!" అని ఎవరో అరిచినారు.

హనుమేష్ బిత్తరపోయి నా పక్క చూసినాడు. నేను అందుకోసమే పుట్టినట్టు మైకు లాక్కున్యా. ఆ ఒక్క నిమిషం నా నాలుక మీద ఏ దేవుడు కూర్చున్నాడో, ఏ దయ్యం తోసిందో తెలీదు.

"ఎదురుకు ఎదురుండేవాళ్ళు చేతులెత్తండి!"

ముందర పక్క నవ్వినారు. నా కడుపు నిండిపోయింది. ప్రాస కుదిరితే నాకు కూడు కూడా అక్కర్లేదు.

ఎనక కొమ్ముకు వైరు లూజు. అది నా మాటలో మొదటి ముక్కను మింగేసి, "...ఎదురుండేవాళ్ళు చేతులెత్తండి" అని మాత్రం కక్కింది. ఇది నాకు తర్వాత తెలిసింది. ఎదురు ఉండేవాళ్ళు ఎవరు? గట్టు మీద ఎదురు ఎవరికి ఉండాది? ఇంత సులభమైన ప్రశ్న ఏ సభలోనూ ఎవరూ అడిగి ఉండరు. సంఘం ఆడోళ్ళంతా ఒక్కసారి చేతులెత్తినారు. రాహేలక్క అయితే రెండు చేతులూ ఎత్తి "స్తోత్రం!" అని గట్టిగా అనింది.

ముందర భూపేష్ మనుషులు ముందే ఎత్తినారు. మిగతా మగోళ్ళు ఎనక్కి తిరిగి చూసి, ఇంట్లోవాళ్ళు ఎత్తినారు కాబట్టి మనమూ ఎత్తితే సాయంత్రం ఇబ్బంది ఉండదని ఎత్తినారు. నాకు రొంత తికమకయింది. వాళ్ళూ ఎత్తి, వీళ్ళూ ఎత్తితే ఇంగ ఎత్తనోడెవరు? చూస్తే నేనొక్కణ్ణే. మైకు పట్టుకోనున్యా గదా. సరే, ఊరంతా ఏదో తెలిసే చేస్తాండారు, నాకే తెలియలేదేమో అనుకోని నేనూ ఎడమ చెయ్యి ఎత్తినా.

"ఏకగ్రీవం" అని రాసుకున్నాడు హనుమేష్. రెండు పక్కలా చప్పట్లు. ఓడినోడు లేని సభను నేను జన్మలో మొదటిసారి చూసినా.

*

మరుసటి దినం పొద్దున గడ తిరిగిచ్చేదానికి రాహేలక్క ఇంటికి పోయినా. ఆమె వాకిట్లో కూర్చోని బద్ద గీస్తాండాది. భూపేష్ బండి వచ్చి ఆగింది.

"రాహేలమ్మా, నిన్న శానా మంచి పని చేసినావు. మీరు ఇంత బాగా కలిసొస్తారని నేను అనుకోలా."

"నువ్వూ ఎత్తినావు గదా అప్పా. నేను చూసినా. మీ వాళ్ళంతా ఎత్తినారు."

"మేం ఎత్తకుండా ఉంటామా? మాకు కావాల్సిందే అది."

"మీకూ కావాల్నా?" రాహేలక్క ముఖం చేటంత అయింది. "చెప్పలేదే ఇన్నాళ్ళూ! ఏం కావాల? గంపలా, తడికలా?"

భూపేష్ తల గోక్కున్నాడు. "గంపలు... ఆ, మట్టి ఎత్తేదానికి గంపలు కావాల్లే. ఒక ఇరవై పంపు. సోమవారం పని మొదలు పెడతాం. నీకేం బాధ లేదు గదా?"

"పని మొదలు పెడితే బాధేంది నాయనా? అందరికీ మంచిదే."

"మీ ఆడోళ్ళకంతా ఫ్యాక్టరీలో పని చూపిస్తాలే."

"మాకు పనికేం తక్కువప్పా? పదేండ్లకు సరిపడా ఉండాది."

"నీ ధైర్యమే ధైర్యం" అని మెచ్చుకోని ఆయన పోయినాడు. ఆమె కూడా ఆయన్ను మెచ్చుకునింది. "బిడ్డ మారినాడు వీరభద్రా. మనమే తప్పుగా అనుకుంటిమి."

వాళ్ళిద్దరి మాటలూ నేను మధ్యలో నిలబడి విన్నా. ప్రతి ముక్కా అర్థమయింది. అన్నీ కలిపితే ఏమీ అర్థం కాలేదు. అయినా రాహేలక్క నవ్వింది, భూపేష్ నవ్వినాడు, నేను వద్దనేదానికి ఎవణ్ణి?

*

సోమవారం వచ్చింది జేసీబీ.

అది వంక దావన దిగుతా ఉంటే నాగలత పరిగెత్తి వచ్చి చెప్పింది. నేను పొయ్యేసరికి రాహేలక్క ఎదురు ముందర జేసీబీకి ఎదురుగా నిలబడి ఉండాది. దాని పొగకు దగ్గు తగులుకుని మాట రావడం లేదు. చేత్తో మాత్రం ఎనక్కి పో, ఎనక్కి పో అంటాండాది. కాళ్ళ దగ్గర పిలకలు. అప్పటికే మూడు మొలకలు టైరు కింద నలిగిపోయినాయి.

భూపేష్ నిజంగానే అయోమయంలో పడినాడు. "ఏమిది రాహేలమ్మా? నువ్వే చేతులెత్తితివి, నువ్వే మంచిది అంటివి, గంపలు కూడా ఒప్పుకుంటివి. ఇప్పుడు అడ్డం నిలబడితే ఎట్ల?"

"దేనికి... ఎత్తితిమి? ఎదురు... మాకుండాలని గదా..."

"మీకు వద్దని గదా!"

హనుమేష్‌ను పిలిపించినారు. ఆయన పుస్తకం తెరిచి చదివినాడు: "సభ్యులందరు ఏకగ్రీవముగా వ్యతిరేకించిరి."

ఏకగ్రీవం అంటే ఒకే మెడ అని అర్థమంట. ఆ మెడ ఎవరిదో నాకు అప్పుడు తెలిసింది. ముప్పైయొక్కమంది ఆడోళ్ళు ఒక్కసారి తిరిగి నన్ను చూసినారు.

"ఆ దినం మైకులో నువ్వేం చెప్పినావు? మళ్ళీ చెప్పు" అనింది నాగలత.

చెప్పినా. మైకు లేకుండా చెబితే ఆ మాట ఎంత చిన్నగా ఉండాదో. ఎవరూ నవ్వలేదు.

"మాకు 'ఎదురుండేవాళ్ళు' అనేదొకటే వినిపించింది" అనింది నాగలత. "ఎదురు ఉండేవాళ్ళమని ఎత్తితిమి."

హనుమేష్ నెత్తి పట్టుకున్నాడు. "ఎదురంటే వెదురని నాకేం తెలుసప్పా? మా ఆదోని పక్క బిదురంటారు."

ఒకామె బిదురేందని, ఇంకొకామె బెదిరిస్తాండావా అని, అందరూ ఒకటేసారి మీద పడినారు. "సాకప్పా, సాకు! సాకు!" అని చేతులు అడ్డం పెట్టుకున్నాడు హనుమేష్. వాళ్ళ పక్క కన్నడం కలుస్తాది. సాకు అంటే చాలు అని. మా పక్క సాకు అంటే వంక చెప్పేది. "చూడు, చేసిందంతా చేసి సాకు చెప్తాండాడు!" అని ఇంగా ఎక్కువైనారు. నేను మధ్యలో దూరి అర్థం చెప్పబోతే "నువ్వు నోరు తెరవద్దు" అన్నారు అందరూ. ఆ మాట మాత్రం ఏకగ్రీవమే.

రాహేలక్క దగ్గు తగ్గింది. నన్ను దగ్గరకు పిలిచింది.

"నవ్వించేదానికి చెప్పినావా తమ్ముడా?"

"ప్రాస కుదిరిందక్కా."

"నీ ప్రాస కుదిరింది. మా బతుకు కదిలింది."

మాటల్లో నన్ను ఎవరన్నా ఓడిస్తే పడీ పడీ నవ్వేవాణ్ణి. ఆమె నలిగిన పిలకను చేతిలోకి తీసుకుని, పొర ఊడదీసి, మళ్ళీ మూసి, అక్కడే పెట్టింది. నాకు నవ్వు రాలేదు.

భూపేష్ జేసీబీ ఆపమని డ్రైవరుకు చెయ్యి చూపించినాడు. "సరే. తప్పు విన్యామంటాండారు. నేను మోసం చేసినానని రేపు అనకూడదు. శనివారం మళ్ళీ సభ పెట్టండి. జేసీబీ మాత్రం ఈడ్నే ఉంటాది." ఆయనకు ధైర్యం. ఫ్యాక్టరీలో పనోళ్ళంతా ఆయన మాట వింటారు.

ఆ దినం ఇంట్లో సంగటి చెయ్యలేదు. అడిగితే "నోటి నిండా మాటలుండాయి గదా, అవే నములు" అనింది నాగలత. మైకు బియ్యం డ్రమ్ము ఎనక దాచిపెట్టింది.

*

శుక్రవారం సాయంత్రం రాహేలక్క వాకిట్లో సంఘం కూర్చునింది. నన్ను కూడా పిలిచినారు, ముద్దాయిని పిలిచినట్టు. శనివారం సభలో ఏ మాట అడిగితే తికమక ఉండదని వాళ్ళ బాధ.

"'వెదురు వద్దనేవాళ్ళు' అని అడిగితే?" అనింది ఒకామె.

"మన కొమ్ములో వెదురు, ఎదురు ఒకటే మాదిరి మోగుతాది" అన్నా నేను.

"'అడ్డముండేవాళ్ళు' అని?"

"జేసీబీకి అడ్డం నిలబడింది మీరే గదక్కా. మళ్ళా మీరే ఎత్తుతారు."

"'కూడదనేవాళ్ళు'?"

"కూడు అడిగేవాళ్ళనుకుని నేను ఎత్తుతా. నాలుగు దినాలయింది" అన్నా. నాగలత నా పక్క చూసిన చూపుకు మిగతాది మింగేసినా.

ఎన్ని మాటలు తీసినా ప్రతిదానికీ రెండు తలకాయలు కనబడతాండాయి నాకు. ఇన్నేండ్లూ అదే నాకు ఆట. ఆ దినం మాత్రం, నేలంతా పిలకలుంటే ఎక్కడ కాలు పెట్టాల్నో తెలియనోడి మాదిరి కూర్చున్యా. మాటను తొక్కకుండా మాట్లాడేది ఎట్లనో నాకు తెలీదు.

రాహేలక్క చేతిలో ఉండే చేటకు అంచు కడతాండాది. చివరి ముడి బిగించి, చేటను ఎండకు ఎత్తి పట్టుకుని సందులున్నాయేమో చూసింది.

"మాటల్తో పనేముండాది? చేతులెత్తమనేదాని బదులు చేటలెత్తమంటే పోలా?"

చేతులు, చేటలు. నా నోరు దురద పెట్టింది. రెండు చేతుల్తో మూసుకున్యా.

"నువ్వు మైకు తీసుకోనిరా తమ్ముడా. హనుమేష్ సామి చెప్పింది చెప్పినట్టు వినిపించు. నీ సొంత ముక్క ఒక్కటి కూడా కలపనని నా ముందర ఒట్టు పెట్టు."

పెట్టినా. డ్రమ్ము ఎనకాల నుంచి మైకు బయటికొచ్చింది.

*

శనివారం నాలుగింటికి సభ. షామియానా ఈసారి చాల్లేదు. భూపేష్ ఫ్యాక్టరీకి సెలవిచ్చి అందరినీ పంపించినాడు. పడమటెండ నేరుగా ముఖాల మీద కొడతాండాది. కృష్ణవేణమ్మ ఇంటి అరుగు మీద కందులు చెరుగుతా ఉంటే, "అమ్మా, లెయ్, టయిమయింది" అని భూపేష్ తొందర పెట్టినాడు. ఆమె ఉన్నదున్నట్టు లేచి వచ్చి కుర్చీలో కూర్చునింది.

హనుమేష్ నిలబడినాడు. "ఎదురు తోట సంఘానికే ఉండాలనేవాళ్ళు చేట ఎత్తాల. లారీల దావ కావాలనేవాళ్ళు చెయ్యి ఎత్తాల. అంతే."

నేను అదే మాట, అన్నే అక్షరాలు, మైకులో చెప్పినా. గొంతు నాదేనా అని నాకే అనుమానమొచ్చింది.

"మరి మావోళ్ళు బండలెత్తాల్నా?" అన్నాడు భూపేష్ నవ్వుతా.

"ఎత్తగలిగితే ఎత్తించప్పా. ఇన్నేండ్లూ మేమే ఎత్తితిమి" అనింది రాహేలక్క. ఆయన నవ్వు సగంలో ఆగింది.

ముందు చేటలు లేచినాయి. సంఘం వాళ్ళవే కాదు, మేం అనుకోని ఇండ్లల్లోంచి కూడా. కొత్తవి, పాతవి, అంచులు చిరిగినవి, పేడ పూసినవి. తర్వాత చేతులు. హనుమేష్ లెక్క పెట్టడం మొదలుపెట్టినాడు. అక్కడ మళ్ళీ తికమక. ఫ్యాక్టరీలో పని చేసేవాడొకడు ఒక చేత్తో చేట ఎత్తి, రెండో చెయ్యి ఖాళీగా ఎత్తినాడు. "ఏమయ్యా, నువ్వు ఏ పక్క?" అంటే "ఇంట్లో ఆమెకు చేట సార్, బయట అయ్యకు చెయ్యి" అన్నాడు. రెండూ లెక్కలోంచి కొట్టేసినారు. ఒక ముసలాయన చేట బోర్లించి ఎత్తినాడు. అది చెల్లుతాదా లేదా అని అయిదు నిమిషాలు. చెల్లింది.

మళ్ళీ లెక్క పెడితే చేటలు ఎనభై ఎనిమిది. చేతులు ఎనభై ఏడు.

"ఆగు ఆగు" అన్నాడు భూపేష్. "ఆ నీలం చేట చూడు. అది ప్లాస్టిక్‌ది!"

అందరూ తిరిగినారు. నిజమే. చివరి వరసలో ఒకామె అంగడిలో కొన్న ప్లాస్టిక్ చేట ఎత్తి పట్టుకోనుండాది. పాపం, ఇంట్లో అదే ఉండాదంట. "చేట అన్నారు, తెచ్చినా" అని కండ్లనీళ్ళు పెట్టుకునింది.

హనుమేష్ రాహేలక్కను చూసినాడు. చేట చేటే గదా, ఊరికే ఉంటే ఎవరేమంటారు? నా నోట్లో నలభై మాటలు తిరిగినాయి. ఒట్టు గొంతులో అడ్డం పడింది.

రాహేలక్క నిదానంగా చెప్పింది. "అది ఎదురు కాదు సామీ. తీసెయ్యి."

"అక్కా!" అని అరిచింది నాగలత.

"తీసెయ్యమంటాండా. ఒకసారి తప్పు లెక్క వేసినందుకే ఇంత దూరం వస్తిమి."

ఎనభై ఏడు, ఎనభై ఏడు.

వంక దిక్కు నుంచి గాలి వస్తే ఎదురాకులు గలగలమన్నాయి. హనుమేష్ నిబంధనల పుస్తకం తిప్పినాడు. సమానమైతే అధ్యక్షత వహించేవాళ్ళ ఓటుతో తేలాలంట. అంటే కృష్ణవేణమ్మ.

అప్పుడు నేను చూసినా. నేనే ముందు చూసినా. ఆమె కందులు చెరుగుతా చెరుగుతా అట్లనే లేచొచ్చింది గదా. చేతిలో చేట అట్లనే ఉండాది. రాహేలక్క అల్లిన చేటే. అంచుకు ఆమె వేసే జంట ముడి నాకు తెలుసు. కృష్ణవేణమ్మ ఆ చేటను నెత్తికి పైన ఎత్తి పట్టుకోనుండాది. సభ మొదలైనప్పటి నుంచి అట్లనే పట్టుకోనుండాది. ఎండలో అందరికీ అదొక గొడుగు మాదిరి కనపడింది గానీ, చేట మాదిరి ఎవరికీ కనపడలేదు.

ఒట్టు పెట్టినాను కాబట్టి ఏమీ చెప్పలేదు. మైకు మాత్రం తీసుకుపోయి ఆమె ముందర పెట్టినా.

హనుమేష్ కండ్లు పెద్దవైనాయి. "అమ్మా, ఆ చేట ఎత్తినట్టా? ఊరికే పట్టుకున్నట్టా?"

"ఎదురెండ నాయనా" అనింది కృష్ణవేణమ్మ. రెండు కొమ్ముల్లోనూ వినపడింది. ఎనక కొమ్ము ఏమీ మింగలేదు. వైరు నేనే బిగించినా.

"చూడండి, ఎండకు అడ్డం పెట్టుకునింది!" భూపేష్ లేచినాడు. "అమ్మా, దించు దాన్ని."

"దించితే ఎండ తగల్దా?"

"అమ్మా! ఒక్క ముక్క చెప్పు. నువ్వు దావకు ఎదురా, ఎదురుకు ఎదురా?" అడిగేసి, తానేం అడిగినాడో తనకే అర్థం కాక అక్కడే నిలబడిపోయినాడు.

కృష్ణవేణమ్మ కొడుకును చూసింది. తర్వాత అతని భుజం మీదుగా వంక దిక్కు చూసింది. అక్కడ గట్టు, గట్టుకు దిగువన కంది చేను. ఆమె ఏం చూసిందో నాకు తెలీదు. ఎండ కండ్లలో పడతా ఉంటే మనిషి ఏదీ చూడకుండా కూడా అట్లా చూస్తాడు.

"ఎదురే" అనింది.

హనుమేష్ పెన్ను గాలిలో ఆగింది. దేనికి ఎదురు? ఏ ఎదురు? ఎండా, దావా, బొంగా? ఒక్క మాటలో మూడు దావలు తెరిచి, ఆమె మూడిటిలోనూ నిలబడినట్టు కూర్చునింది. నేను ముప్పైయేండ్లుగా మాటల్తో ఆడుకుంటాండా. అంత చిన్న మాటతో అంత పెద్ద ఆట నేను ఏనాడూ ఆడలేదు.

రాహేలక్క ముందరికొచ్చింది. గొంతులో దగ్గు లేస్తాండాది గానీ పట్టి ఆపుకునింది.

"వె పెట్టి రాయి సామీ."

హనుమేష్ కృష్ణవేణమ్మ పక్క చూసినాడు. "రాయమంటారా అమ్మా?"

ఆమె తలూపింది. ముఖం మీద ఈగ వాలిందని ఊపిందని భూపేష్ ఇప్పటికీ అంటాడు. కానీ చేట మాత్రం దించలేదు.

హనుమేష్ 'వె' రాసినాడు. తర్వాత 'దు', తర్వాత 'రు'. తీర్మానం కింద కృష్ణవేణమ్మ సంతకం పెట్టేటప్పుడు చేట ఒడిలో పెట్టుకునింది. అప్పటికి ఎండ దిగిపోయింది. భూపేష్ సంతకం వైపు చూసినాడు, వాళ్ళమ్మను చూసినాడు, పెన్ను మూత ఎక్కడ పడిందో ఎతికి ఆమె చేతికిచ్చినాడు. జేసీబీ ఎనక్కి తిరిగి వంక దావ ఎక్కిన శబ్దం దీపాలు పెట్టే టయిముకు వినపడింది.

ఆ రాత్రికి మా ఇంట్లో సంగటి ఉండింది. చెనిక్కాయల చట్నీ కూడా.

అయినా నాకు నిద్ర పట్టలేదు. ఆమె ఎదురుకు ఎత్తిందా, ఎండకు ఎత్తిందా? వారం తర్వాత ఉండబట్టలేక వాళ్ళ అరుగు దగ్గరకు పోయినా. కృష్ణవేణమ్మ అదే చేటతో కందులు చెరుగుతాండాది. గింజలు పైకి లేస్తాండాయి, పొట్టు గాలికి పోతాండాది, గింజలు మళ్ళీ చేటలోకే వస్తాండాయి.

"అమ్మా, ఇప్పుడు ఎవరూ లేరు. నిజం చెప్పండి. ఆ దినం మీరు అనింది ఏ ఎదురు?"

ఆమె చేట ఆపలేదు. "వీరభద్రా, చెరిగేటప్పుడు నోరు తెరిస్తే పొట్టు పడతాది. పక్కకు నిలబడు."

పక్కకు నిలబడినా.